రెండో పేరు

జూన్ 15

అమ్మను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. తుంటి ఆపరేషన్ బాగా జరిగిందన్నారు డాక్టర్లు. అమ్మ మాత్రం ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే తీసుకొచ్చింది జాలరిపేటకు కాదు, కూర్మన్నపాలెంలో నా ఇంటికి.

"ఇక్కడ సముద్రం సప్పుడే నేదే. సెవుడొచ్చినట్టుంది నాకు," అని అటు తిరిగి పడుకుంది.

పేటలో చెల్లెలు పోతమ్మ ఇంట్లోనే ఉందామనుకున్నాను. గవర్నర్‌ని కదా, నేను ఉండాలంటే ఆ సందులో పోలీసు జీపు పట్టదట. ఈ ఇల్లు మా ఆయన స్టీల్‌ప్లాంటులో పని చేసినప్పుడు కట్టుకున్నది. ఆయన పోయాక ఇన్ని రోజులు ఉందామని రావడం ఇదే మొదలు. రాష్ట్రం కాని రాష్ట్రంలో, కొండల మీద, అంత పెద్ద రాజ్‌భవన్‌లో పట్టని నిద్ర ఇక్కడ పట్టింది. గేటు పక్కన గుడారం వేశారు. ఎదురింటావిడ పాల ప్యాకెట్టు కోసం వెళ్ళినా పేరు చెప్పి వెళ్ళాలి.

చేపల వేట నిషేధం నిన్నటితో అయిపోయింది. పోతమ్మ కొడుకు నాగబాబు బోటెక్కే ముందు హార్బర్ నుంచి ఫోన్ చేశాడు. "వచ్చాక కోనెం తెత్తాను పెద్దమ్మా. ఆ కొండల మీద నీకు సేపలేటి దొరుకుతాయి?"

సాయంత్రం ఢిల్లీ నుంచి కృష్ణంరాజు గారి ఫోన్. బడిపంతులమ్మగా ఉన్న నన్ను కార్పొరేటర్ని చేసి, ఎంపీని చేసి, మంత్రివర్గం దాకా నడిపించినాయన. గవర్నర్‌కు పార్టీ ఉండకూడదు. ఫోన్ ఉండొచ్చు కదా.

"రాష్ట్రపతికి మీ పేరు వినబడుతోందమ్మా," అన్నారు.

నవ్వేశాను. ఈ వయసులో నాకు అదొకటా. నాకు అక్కర్లేదు.

జూన్ 16

టీవీలో మూడు పేర్లు చెప్పారట. నాది రెండోదట. నేను చూడలేదు, నా వెంట ఉండే ఏడీసీ కెప్టెన్ చెప్పాడు.

మధ్యాహ్నం కాసేపు చూశాను. రెండోదే.

జూన్ 18

కృష్ణంరాజు గారు ఇద్దరిని పంపారు. ఒక ఫోటోగ్రాఫరు, నిఖిత అని ఒక అమ్మాయి. చురుకైన పిల్ల. వెంట ఒక కొత్త వెదురు గంప తెచ్చింది. అమ్మ చేతిలో గంప, పక్కన నేను. అదీ వాళ్ళకు కావలసిన ఫోటో.

అమ్మ గంపలోకి తొంగి చూసింది. "సేపలేవి?"

"ఫోటోకే కదమ్మా, ఖాళీదైనా ఫర్వాలేదు," అంది నిఖిత.

"ఖాళీ గంప అట్టుకుని కూకుంటే ఎవులైనా బేరానికొత్తారేటి? నాను సేపలమ్మడం మానేసి ఎన్నాళ్ళయిందో నాకే గేపకం నేదు. తీసీ అవతల."

నిఖిత నా కేసి చూసింది. అమ్మ ఆగలేదు. "మా గౌరి సదువుకున్నాది. బళ్ళో పాటాలు సెప్పింది. ఎలచ్చన్లప్పుడు సబ్బవరం నుంచి తగరపువలస దాకా ఎండలో తిరిగింది. అది తియ్యండి ఫోటో. నా గంపెందుకు?"

నాకు ఎంత బాగా అనిపించిందో ఆ మాట. అలాగే వాళ్ళను పంపేయాల్సింది. మంచం దగ్గరకు వెళ్ళి, "ఒక్క నిమిషం పట్టుకో అమ్మా, వాళ్ళు ఎండలో వచ్చారు," అన్నాను.

పట్టుకుంది.

ఫోటో బాగా వచ్చింది. అమ్మ మాత్రం కెమెరా కేసి చూడలేదు. నా కేసి చూస్తోంది అందులో.

జూన్ 20

పోతమ్మ వచ్చింది. వెంట నాగబాబు పెళ్ళాం దేవి. ఇద్దరి సంచులూ గేటు దగ్గర వెతికారట. లోపలికి వచ్చి కూడా పోతమ్మ కూర్చోలేదు.

నాగబాబు బోటు ఇంజిను నడి సముద్రంలో ఆగిపోయింది. గాలికి తూర్పుకు కొట్టుకుపోయి సరిహద్దు దాటింది. పొరుగు దేశం నేవీ పట్టుకుని తొమ్మిది మందినీ ఒడ్డుకు తీసుకెళ్ళి జైల్లో పెట్టారు. పట్టుబడే ముందు వైర్‌లెస్‌లో బోటు యజమానితో మాట్లాడగలిగారు, జైలు సంగతి ఆయనకు కోస్ట్‌గార్డ్ వాళ్ళు చెప్పారట.

"ఆళ్ళు కావాలని ఎల్లనేదప్పా. ఇంజినాగిపోతే ఏటి సేత్తారు? నువ్వొక్క మాట సెప్తే సాలు. ఢిల్లీలో నీ మాట ఇంటారు గాదా."

దేవి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల మొదటి నుంచీ అంతే, మాట తక్కువ.

అమ్మకు చెప్పొద్దని ముగ్గురం అనుకున్నాం. టీవీ తీగ పీకించేశాను.

కృష్ణంరాజు గారికి ఫోన్ చేశాను. అంతా విన్నారు. "ఇప్పుడు కాదు గౌరీశ్వరి గారూ. ఆ దేశంతో పెద్ద ఒప్పందం నడుస్తోంది. ఈ సమయంలో మీరు నోరు విప్పితే, సొంత చెల్లెలి కొడుకు కోసం అల్లరి చేసిందంటారు. ఒక్క వారం ఆగండి. జైల్లో అన్నమైతే పెడతారు కదా, పిల్లలకేం కాదు."

నిజమే అనిపించింది. పోతమ్మతో "మాట్లాడాను, చూస్తున్నారు," అన్నాను. ఇందులో అబద్ధం ఏమీ లేదు. మాట్లాడాను. చూస్తున్నారు.

జూన్ 21

గవర్నర్ విదేశీ వ్యవహారాల్లో తలదూర్చకూడదు. ఇది నేను పెట్టిన నియమం కాదు. మనవాళ్ళు చిక్కుకున్నారని నియమం మారదు. రేపు ఇంకొకరు ఇలాగే చేస్తే?

పొందూరు ఖద్దరు చీర ఒకటి చెప్పాను. తెల్లది, సన్నంచు. ఊరికే. ఆగస్టు పదిహేనుకు పనికొస్తుంది.

జూన్ 22

పేట నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఒక వ్యాను నిండా. గేటు దాకా రానివ్వకుండా రోడ్డుకు అవతలే నిలబెట్టారు పోలీసులు. అక్కడ నీడ లేదు. కొంగులు నెత్తిన వేసుకుని నిలబడ్డారు. కేకలు లేవు, జెండాలు లేవు. ఊరికే నిలబడ్డారు.

మేడ మీద కిటికీలోంచి చూశాను. చాలా మంది తెలిసిన మొహాలే. జగ్గారావు వాళ్ళమ్మ ఉంది, నా మొదటి ఎన్నికల్లో ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగినావిడ. జగ్గారావు కూడా ఆ బోటులోనే ఉన్నాడు.

కెప్టెన్ వచ్చి "లోపలికి పంపమంటారా మేడమ్?" అన్నాడు.

"ఇవాళ అమ్మకు బాగా లేదు. రేపు రమ్మనండి," అన్నాను.

అమ్మ అప్పుడు కుర్చీలో కూర్చుని మామిడిపండు తింటోంది.

జూన్ 23

అమ్మకు తెలిసిపోయింది. నేను దాచాననుకున్నది ఎదురింటావిడ కిటికీలోంచి చెప్పేసిందట. పొద్దున్నే. నేను టిఫిను తెచ్చేదాకా ఏమీ ఎరగనట్టే కూర్చుంది.

ఇడ్లీ ముక్క తుంచి పక్కన పెట్టి, "గవర్నరంటే ఏటి పనే గౌరీ?" అంది.

చెప్పాను. చట్టాల మీద సంతకాలు, ప్రమాణాలు చేయించడం, యూనివర్సిటీలు.

"అయితే జైల్లో ఉన్న మన గుంటల గురించి సెప్పకూడదేటి?"

"చెప్పకూడదమ్మా. పద్ధతి కాదు."

"మరి ఆ పెద్ద పదవి ఒత్తాదంటన్నారు గాదా. అదొచ్చాక సెప్పొచ్చా?"

"అప్పుడు అసలే చెప్పకూడదు."

అమ్మ తల ఊపింది. నిజంగా అర్థం చేసుకుందామనే అడుగుతోంది, నన్ను దెప్పడానికి కాదు.

"పంతులమ్మగా ఉన్నప్పుడు నీ మాట ఎవులూ ఇనీవోరు కాదు. ఇప్పుడింటారు గానీ నువ్వు సెప్పకూడదు. మరెప్పుడు సెప్తావే?"

ఇడ్లీ చల్లారిపోయింది. ఇద్దరం తినలేదు.

జూన్ 24

కృష్ణంరాజు గారు విమానంలో స్వయంగా వచ్చారు. అమ్మకు దండం పెట్టి, పళ్ళిచ్చి, హాల్లో నా ఎదురుగా కూర్చున్నారు. బాగా నలిగిపోయి ఉన్నారు. ఈ వారం ఆయన నిద్రపోయినట్టు లేరు.

"రేపు మధ్యాహ్నం పార్టీ కమిటీ. మూడు పేర్లు రెండయ్యాయి. మీరు, సుధారాణి గారు. మీకే మొగ్గుంది."

కాఫీ గ్లాసు ఆయన ముందుకు జరిపాను.

"ముప్ఫై ఏళ్ళుగా మీ వెనక ఉన్నానమ్మా. ఊళ్ళో మా వాళ్ళే నన్ను చూసి నవ్వారు, చేపలవాళ్ళ పిల్లను నెత్తినెక్కించుకున్నాడని. మీరు ఆ కుర్చీలో కూర్చున్న రోజు నేను ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటాను. ఆ పేటలో ప్రతి ఆడపిల్లా తలెత్తుకుంటుంది. ఒక్క రోజు. రేపు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ ఏమీ అనకండి. నాకు మాటివ్వండి."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నటన కాదు. ఆయన్ను నాకు తెలుసు.

మాటిచ్చాను.

జూన్ 25

ఏం జరిగిందో వరసగా రాస్తాను.

పొద్దున్నే కారు తీయమన్నాను. పోతమ్మను ఒకసారి చూసి వచ్చేద్దామనే. హార్బర్‌లో జెట్టీ దగ్గర ఆడవాళ్ళంతా కూర్చున్నారని చెప్పింది కాబట్టి అటే వెళ్ళాను. కెప్టెన్‌ను కారు దగ్గరే ఆగమన్నాను. ఒక అరగంట కూర్చుని వెనక్కి వెళ్ళాలి, అంతే.

చేపల పెట్టెలు తిరగేసుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఎవరూ లేవలేదు. ఎక్కడికెళ్ళినా జనం లేచి నిలబడడం అలవాటైపోయిందని అప్పుడు తెలిసింది. జగ్గారావు వాళ్ళమ్మ మాత్రం "కూకో," అంది. దేవి కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. మూడు రోజుల కిందటైతే అడిగేవాళ్ళు.

టీవీ వాళ్ళు ఎలా పసిగట్టారో, ఇట్టే వచ్చేశారు. మైకులన్నీ నా ముందుకొచ్చాయి.

"మేడమ్, రాష్ట్రపతి అభ్యర్థిగా మీ పేరు దాదాపు ఖాయమంటున్నారు, ఎలా ఫీలవుతున్నారు?"

లేచాను. కారు కనబడుతూనే ఉంది. కెప్టెన్ తలుపు తీసి పట్టుకున్నాడు.

"నేను ఆ విషయం మాట్లాడడానికి రాలేదు," అన్నాను. అక్కడితో ఆపేయొచ్చు. నా చెవులతో నేనే విన్నాను, ఆగకుండా మాట్లాడుతున్నాను. "మా పేట మనుషులు తొమ్మిది మంది పొరుగు దేశం జైల్లో ఉన్నారు. ఇంజిను చెడిపోయి కొట్టుకుపోయారు. దొంగతనానికి వెళ్ళలేదు. వాళ్ళు ఎవరో చెబుతాను. నాగబాబు. జగ్గారావు. రాము..."

ఆగిపోయాను. మిగిలిన పేర్లు నాకు తెలియవు. ఇన్ని రోజుల్లో నేను అడగనేలేదు.

దేవి నా పక్కకొచ్చి నిలబడింది. నాకు మాత్రమే వినబడేటట్టు ఒక పేరు చెప్పింది. నేను మైకులో చెప్పాను. ఇంకొకటి చెప్పింది. చెప్పాను. అలా చివరి దాకా. ఒక్కో పేరుకూ వెనక ఎవరో ఒకావిడ ముక్కు చీదడం వినబడింది.

"ఢిల్లీ నుంచి ఒక అధికారి వెళ్ళి వీళ్ళను కళ్ళతో చూడాలి. ఇళ్ళకు ఫోన్ చేయించాలి. ఆలస్యం లేకుండా జరగాలి. ఇది గవర్నర్ మాట్లాడకూడని మాటని నాకు తెలుసు. తెలిసే మాట్లాడుతున్నాను."

ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ తీగ పెట్టించుకుని కూర్చుంది. పక్కన మంచం మీద చోటు చూపించింది.

నాలుగింటికి టీవీలో చెప్పారు. సుధారాణి.

కృష్ణంరాజు గారికి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. మాటిచ్చి తప్పాను. ఆయన కోపంలో న్యాయముంది.

జూన్ 26

పొందూరు చీర వచ్చింది. అంచు బాగుంది.

జూన్ 28

సుధారాణి ఫోన్ చేసింది. బళ్ళారి మనిషి, ఇంట్లో తెలుగే. ఒకప్పుడు మంత్రివర్గంలో మావి పక్కపక్క కుర్చీలు. వాగుడు ఎక్కువని వెనకాల అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

"ఏమ్మా గౌరీ, కోపమొచ్చిందా?"

"లేదండీ. మనస్ఫూర్తిగా అభినందనలు."

"అబద్ధాలాడొద్దు. నీకొచ్చింటే నాకు మూడు దినాలు అన్నం సహించేది కాదు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"ఆ పిల్లోళ్ళ పేర్లు పంపు. నామినేషన్ వేసినాంక నేను నోరు మూసుకోవల్ల. ఇంకా రెండు దినాలుంది. ఇప్పుడైతే అందరూ నా ఫోనెత్తుతారు. ఎవరెవరికి చెప్పల్నో చెప్తా."

"మీకు ఇబ్బంది కాదూ?"

"అయితే కానీ. నువ్వు అంత గట్టిగా అరిచినాంక నేను మెల్లగా చెప్పినా వినపడతాదిలే."

పెట్టేశాక తొమ్మిది పేర్లూ రాసి పంపాను. ఈవిడను పన్నెండేళ్ళు తక్కువగా చూశాను. అంతకంటే ఇబ్బంది పెట్టే సంగతి ఇంకొకటి ఉంది. పేరు ఖాయమయ్యాక కూడా అడగవచ్చని, అడిగే మనిషైతే అడుగుతుందని నాకు తట్టలేదు. మాట్లాడితే పదవి పోతుంది, ఊరుకుంటే ఉంటుంది, ఆ రెండే అనుకున్నాను.

జూలై 9

రాజీనామా పంపమన్నారు. పంపాను. "ఆరోగ్య కారణాల వల్ల" అని రాయమన్నారు. ఎవరి ఆరోగ్యమో రాయలేదు.

గుడారం పీకేశారు. కెప్టెన్ వెళ్ళే ముందు అమ్మ కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు. ఎదురింటావిడ ఈ నెలలో మొదటిసారి గేటు తీసుకుని లోపలికొచ్చింది. "ఇదిగో, మీకూ ఒక ప్యాకెట్టు తెచ్చీసేను," అని పాలు బల్ల మీద పెట్టింది.

ఎంబసీ నుంచి ఒకాయన జైలుకు వెళ్ళాడట. తొమ్మిది మందీ క్షేమం. నాగబాబు దేవితో రెండు నిమిషాలు మాట్లాడాడు. ఏమన్నాడని పోతమ్మ అడిగితే, "ఏటీ అననేదు, ఏడిసేడు," అందట.

జూలై 25

ప్రమాణ స్వీకారం. ఆహ్వానం వచ్చింది. అమ్మను వదిలి వెళ్ళడం కుదరక వెళ్ళలేదు. పోతమ్మ ఉంటానంది. అయినా.

ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. బాకాలు, గుర్రాలు, ఆ పెద్ద హాలు. సుధారాణి మెట్లెక్కుతుంటే అమ్మ, "ఆయమ్మకి మోకాళ్ళు నొప్పున్నట్టుంది," అంది. ఉన్నాయి. నాకు తెలుసు.

ప్రమాణం చదవడం మొదలుపెట్టింది.

"నీకూ వచ్చునేటే అది?" అంది అమ్మ.

నా పెదాలు కదులుతున్నాయట. నేను చూసుకోలేదు.

"వచ్చు," అన్నాను.

మొదటి నుంచి చివరి దాకా కంఠతా వచ్చు. ఎప్పుడు నేర్చుకున్నానో ఇక్కడ రాయను.

కళ్ళజోడు తుడుచుకుంటున్నాననుకుంది పోతమ్మ. తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆగస్టు 15

మా పాత బడి వాళ్ళు జెండా ఎగరేయమని పిలిచారు. ఒంట్లో బాగా లేదని చెప్పాను. చీర బీరువాలోనే ఉంది.

అక్టోబరు 2

కృష్ణంరాజు గారు వచ్చారు. చెప్పకుండా, ఆటోలో. అమ్మ పేటకు వెళ్ళిపోయింది, ఇంట్లో నేనొక్కదాన్నే. కాఫీ ఇచ్చాను. తాగారు. వానల గురించి, ఆయన మనవడి చదువు గురించి మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "మీరు మాటివ్వకుండా ఉంటే బాగుండేది," అన్నారు.

"అవునండీ," అన్నాను.

"మళ్ళీ వస్తాను," అన్నారు. నాకది చాలు.

నవంబరు 4

వచ్చేశారు.

కోస్ట్‌గార్డ్ ఓడలో తీసుకొచ్చారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. పేట పేటంతా అక్కడే ఉంది. షామియానా, మైకు, ఒక మంత్రిగారు. తొమ్మిది మందినీ వేదిక మీద నిలబెట్టి మెడలో దండలు వేసి ఫోటోలు తీశారు. మంత్రిగారు చాలామందికి ధన్యవాదాలు చెప్పారు. తాడు దగ్గర ఉన్న కానిస్టేబులు నాతో "కొంచెం ఎనక్కెల్లండమ్మా," అన్నాడు. జరిగాను. గుర్తు పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. అనిపించిందనే రాస్తున్నాను.

వేదిక దిగిన వెంటనే పోతమ్మ కొడుకు వీపు మీద రెండు దెబ్బలు వేసి, ఆ తర్వాత పట్టుకుని ఏడ్చింది. సగమైపోయాడు నాగబాబు. గడ్డం, లోతుకు పోయిన కళ్ళు. దేవి చెయ్యి పట్టుకునే నా దగ్గరకు వచ్చాడు. నాలుగు నెలలుగా ఆ మాటే మోస్తున్నట్టు, ముందూ వెనకా లేకుండా అనేశాడు:

"పెద్దమ్మా, దేవి పోన్లో సెప్పింది. మావల్ల నీకు రాష్ట్రపతి పోయిందంట గాదా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. జగ్గారావు వాళ్ళమ్మ కూడా.

నా దగ్గర జవాబు ఉంది. అరిగిపోయిన జవాబు. విలేకరులకు, చుట్టాలకు, ఎదురింటావిడకు, ఈ కాగితాలకు కూడా చెప్పిందే. అదేం లేదు, నాకసలు ఆశే లేదు అని. నోటి దాకా వచ్చింది. కానీ వాడి మొహం చూస్తే, అబద్ధం చెబితే కనిపెట్టేసే మొహం లాగే ఉంది. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని తిరిగినవాడు.

"అవును రా," అన్నాను. "మీవల్లే పోయింది. నాకు అది చాలా కావాలని ఉండేది."

వాడు బిత్తరపోయాడు. ముందు నవ్వింది దేవి. జూన్ నుంచి ఆ పిల్ల నవ్వడం నేను చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత పోతమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే. తర్వాత నేను. ఇంత గట్టిగా నవ్వి ఎన్నేళ్ళయిందో.

నాగబాబుకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. మెడలో దండ తీయడం కూడా మర్చిపోయి, మా మొహాలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ నిలబడ్డాడు.